పర్యావరణ శాస్త్రం: ప్రాథమిక భావనలు – కొల్లేరు ఉదాహరణగా

గాలి, నీరు, నేల, జీవులు, మనుషుల పనులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో పరిశీలించే శాస్త్రం పర్యావరణ శాస్త్రం. భౌతిక, రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాల పద్ధతులన్నీ ఇందులో అవసరమవుతాయి. అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం తోడు లేకపోతే దీని పని సగంలో ఆగిపోతుంది. జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చూసే జీవావరణ శాస్త్రం ఇందులో ఒక ముఖ్య భాగం. పర్యావరణాన్ని కాపాడాలని సాగే ఉద్యమం వేరు, ఈ శాస్త్రం వేరు. ఉద్యమానికి బలమిచ్చే లెక్కలనూ, అప్పుడప్పుడు దానికి ఇబ్బంది కలిగించే లెక్కలనూ కూడా ఈ శాస్త్రమే బయటపెడుతుంది.

జీవావరణ శాస్త్రానికి 1866లో పేరు పెట్టినవాడు జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్. పర్యావరణ శాస్త్రం ప్రత్యేక విభాగంగా నిలదొక్కుకున్నది మాత్రం 1960, 70 దశకాల్లో. పురుగుమందుల వాడకంపై రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వెలువడింది. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి తొలి పర్యావరణ సదస్సు జరిగింది. అది మొదలైన జూన్ 5నే ఏటా ప్రపంచ పర్యావరణ దినంగా జరుపుకుంటున్నాం. భారతదేశంలో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత ఇది బడి నుంచి డిగ్రీ దాకా పాఠ్యాంశమైంది.

ఈ శాస్త్రంలోని మౌలిక భావనలను ఈ వ్యాసం కొల్లేరు సరస్సు ఆధారంగా పరిచయం చేస్తుంది. ఏ భావనను వాడినా ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: లెక్క ఎక్కడి నుంచి ఎక్కడి వరకు? హద్దు చిన్నదిగా గీస్తే లాభంగా కనిపించింది, పెద్దదిగా గీస్తే నష్టంగా తేలవచ్చు. అందుకే కొల్లేరు గురించి అర్ధ శతాబ్దంగా నడుస్తున్న వాదాలన్నీ చివరికి హద్దుల దగ్గరకే చేరుతున్నాయి.

వ్యవస్థ, దాని హద్దు

ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేసే భాగాల సముదాయం వ్యవస్థ. దానిలోకి వచ్చేది, దాని నుంచి పోయేది, దానిలో నిలిచేది అనే మూడు లెక్కలు తెలిస్తే దాని తీరు చాలావరకు తెలుస్తుంది. జీవులనూ, అవి బతికే నిర్జీవ పరిసరాలనూ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్‌స్లీ ప్రతిపాదించాడు. తెలుగు పాఠ్యపుస్తకాలు దానినే ఆవరణ వ్యవస్థ అంటున్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. గట్టుకట్టి నిలిపిన చెరువు కాదు కాబట్టి దాని అంచు ఏడాది పొడవునా జరుగుతూ ఉంటుంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన నేల, వానాకాలంలో నాలుగడుగుల నీళ్లలో ఉంటుంది. అందువల్ల సరస్సు విస్తీర్ణాన్ని సముద్రమట్టం నుంచి అడుగుల్లో కొలిచే కాంటూరుతో చెబుతారు. నీరు +3 కాంటూరు దాకా ఉంటే సరస్సు సుమారు 135 చదరపు కిలోమీటర్లు, +5 దగ్గర 308, +10 దగ్గర 901. కేవలం ఏడడుగుల తేడాలో సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతోందంటే ఆ నేల ఎంత చదునో ఊహించవచ్చు. సరస్సు లోపలి గ్రామాలను బెడ్ గ్రామాలనీ, అంచున ఉన్నవాటిని బెల్ట్ గ్రామాలనీ అక్కడ పిలుస్తారు. వానాకాలంలో పడవ తప్ప దారిలేని బెడ్ గ్రామాలు ఒకప్పుడు చాలా ఉండేవి.

నీటి లెక్క వేయాలంటే ఈ హద్దు కూడా సరిపోదు. ఒక చోటికి ఎంత దూరం నుంచి వాన నీరు పల్లమెరిగి వచ్చి చేరుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. కొల్లేటికి అది సుమారు 4,700 చదరపు కిలోమీటర్లు. మైలవరం కొండల నుంచి బుడమేరు, ఖమ్మం జిల్లా వైపు నుంచి తమ్మిలేరు, వాటితో పాటు రామిలేరు వంటి వాగులు, డెల్టా వరిచేల మురుగు కాలువలు కలిపి 60కి పైగా మార్గాల్లో నీరు సరస్సులోకి దిగుతుంది. పోయే దారి మాత్రం ఒకటే: సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఉప్పుటేరు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ భావన పుస్తకం దాటి వీధిలోకి వచ్చింది. కొల్లేటికి పోవలసిన బుడమేరు వరదలో కొంత భాగాన్ని వెలగలేరు దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలిపే కాలువ ఉంది. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున పారుతుంటే మళ్లింపు కాలువ నీటిని అది తీసుకోలేదు. గట్లకు గండ్లు పడి, బుడమేరు తన పాత పల్లాలను వెతుక్కుంటూ కాలనీల్లోకి వెళ్లింది. మరి కొన్ని రోజులకు ఆ నీరే కొల్లేటి గ్రామాల రోడ్ల మీదికి చేరింది. మండలాల హద్దులు, శాఖల హద్దులు వేటినీ నీరు పట్టించుకోలేదు.

శక్తి ప్రవాహం, ఆహారపు మెట్లు

ఆవరణ వ్యవస్థలో శక్తి ఒకే దిశలో పోతుంది. సూర్యకాంతిని పట్టుకుని ఆహారం తయారు చేసే నాచు, మొక్కలు ఉత్పత్తిదారులు. వాటిని తినే జీవులూ, ఆ జీవులను తినేవీ వినియోగదారులు. చచ్చినవాటిని కుళ్లబెట్టి తిరిగి మట్టికీ నీటికీ అప్పజెప్పే సూక్ష్మజీవులు విచ్ఛిన్నకారులు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తిలో సుమారు పదోవంతే చేరుతుంది. మిగిలింది శ్వాసకూ కదలికకూ ఖర్చయి వేడిగా పోతుంది. ఈ ఆలోచనకు పునాది వేసిన రేమండ్ లిండెమన్ అమెరికాలోని మినసోటాలో ఒక చిన్న సరస్సుపై పనిచేశాడు. ఆయన వ్యాసం 1942లో అచ్చయ్యేనాటికి ఆయన బతికి లేడు, 26 ఏళ్లకే చనిపోయాడు.

పదోవంతు అన్నది రాతిమీద గీత కాదు, వ్యవస్థను బట్టి అటూ ఇటూ మారుతుంది. అయినా అంచనాకు పనికొస్తుంది. నీటిలో తేలే వెయ్యి కిలోల నాచు వంద కిలోల జంతుప్లవకాలను, అవి పది కిలోల చిన్న చేపలను, ఆ చేపలు ఒక కిలో కొర్రమేనును పోషిస్తాయనుకోవచ్చు. కొర్రమేనును మింగే గూడబాతు ఇంకో మెట్టు పైన ఉంటుంది. పెద్ద పక్షుల సంఖ్య ఎప్పుడూ తక్కువగా ఎందుకుంటుందో, అడుగుమెట్టు దెబ్బతింటే ముందుగా అవే ఎందుకు మాయమవుతాయో దీంతో తెలుస్తుంది.

వ్యవస్థలో ఒక్కో జీవికి ఒక్కో జీవనస్థానం ఉంటుంది. అంటే అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది అన్నవన్నీ కలిపిన లెక్క. చేపల రైతులకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. బొచ్చె పైపొరలో జంతుప్లవకాలను వడకట్టుకుంటుంది, శీలావతి మధ్యపొరలో మేస్తుంది, మోసు అడుగున కుళ్లిన పదార్థాన్ని తింటుంది. మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచే మిశ్రమ పెంపకం ఈ సూత్రంపైనే నడుస్తోంది.

పదార్థ చక్రాలు

శక్తి వచ్చి పోతుంది. పదార్థం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నీరు, కార్బన్, నత్రజని, భాస్వరం గాలిలో, నీటిలో, నేలలో, జీవుల ఒంట్లో చక్రాలు తిరుగుతాయి. పర్యావరణ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ చక్రాల్లో ఒక చోట వేగం పెరిగి, మరో చోట పెరగకపోవడం వల్ల వచ్చేవే.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. పప్పుజాతి మొక్కల వేళ్ల బొడిపెల్లోని బ్యాక్టీరియా దాన్ని స్థిరీకరిస్తాయి. 20వ శతాబ్దం ఆరంభంలో హేబర్, బాష్ అనే జర్మన్లు అదే పనిని కర్మాగారంలో చేసే పద్ధతి కనిపెట్టాక యూరియా యుగం మొదలైంది. భాస్వరం కథ వేరు. అది వాయురూపంలో దాదాపు ఉండదు. రాతి నుంచి కరిగి, నేల మీదుగా నీటిలో చేరి, అడుగున పేరుకుపోతుంది. మంచినీటి సరస్సుల్లో నాచు పెరుగుదలను సాధారణంగా అదుపులో ఉంచేది భాస్వరం కొరతే.

డీఏపీ ఎరువు బస్తా మీద నత్రజని, ఫాస్ఫేటు శాతాలు 18-46 అని రాసి ఉంటాయి. 50 కిలోల బస్తాలో మూలకం రూపంలో లెక్కిస్తే సుమారు 10 కిలోల భాస్వరం ఉంటుంది. ప్లవకాల ఒంట్లో కార్బన్, నత్రజని, భాస్వరం పరమాణువులు 106:16:1 నిష్పత్తిలో ఉంటాయని సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గమనించాడు. దాన్ని బరువుల్లోకి మారిస్తే ఒక కిలో భాస్వరంతో 40 కిలోల కార్బన్ ఉన్న నాచు తయారవగలదు. పొలంలో వేసిన దాంట్లో కొద్ది భాగం మురుగు కాలువలోకి జారినా సరస్సులో దాని ప్రభావం ఎన్నో రెట్లు కనిపిస్తుంది.

కొల్లేటికి పోషకాలు మూడు దారుల్లో వస్తాయి: వరిచేల ఎరువులు, పట్టణాల మురుగు, చేపల చెరువుల మేత. ఇక్కడి చెరువుల్లో తవుడు, చెక్క కలిపి అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీటిలో పాతిన గడలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. నేల మీద వెదజల్లే పద్ధతి కన్నా ఇందులో మేత వృథా తక్కువ. అయినా తిన్న మేతలోని నత్రజని, భాస్వరం అంతా చేప ఒంట్లో నిలవదు. పెద్ద వాటా నీటిలోకీ బురదలోకీ పోతుంది. పట్టిన చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి పశ్చిమ బెంగాల్, ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. ఎక్కడో పండిన ధాన్యపు తవుడు ఇక్కడికి వచ్చింది, చేప ఇంకెక్కడికో వెళ్లింది, మిగులు పోషకం ఇక్కడే ఉండిపోయింది.

చిత్తడి నేలలు ఈ మిగులును కొంత సరిచేయగలవు. గాలి అందని బురదలో కొన్ని బ్యాక్టీరియాలు నైట్రేటును మళ్లీ నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. రెల్లు, తుంగ వంటివి నీటి వేగాన్ని తగ్గించి మట్టిని కిందికి దింపుతాయి. నీరు పరుచుకుని నిదానంగా సాగే చోటే ఈ పని జరుగుతుంది. గట్ల మధ్య ఇరుకు కాలువలో పరుగెత్తే నీటికి ఆ వ్యవధి ఉండదు.

నీటిలో ఆక్సిజన్

తెల్లవారుజామున చేపల చెరువు గట్టు మీద నిలబడితే ఒక్కోరోజు నీటి మీద వేల మూతులు తెరుచుకుని మూసుకోవడం కనిపిస్తుంది. చేప తేలిందని కాపలా మనిషి కేక వేస్తాడు. వెంటనే ఏరియేటర్ల చక్రాలు తిప్పుతారు, లేదా మోటారుతో కొత్త నీరు ఎక్కిస్తారు. ఆలస్యమైతే పొద్దెక్కేసరికి తెల్లటి పొట్టలు తేలతాయి.

కారణం ఇది. 30 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే గాలి నుంచి కరిగించుకుని నిలుపుకోగలదు. చల్లటి నీరు ఇంకా ఎక్కువ నిలుపుకుంటుంది. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక ఉత్పత్తి ఆగిపోతుంది, కానీ నాచు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. రాత్రంతా ఖర్చే కాబట్టి తెల్లవారే ముందు మట్టం అట్టడుగుకు చేరుతుంది. నాచు ఎంత దట్టంగా ఉంటే పగటి జమా, రాత్రి ఖర్చూ అంత ఎక్కువ. మబ్బు పట్టిన రోజున జమ పడదు. అందుకే ముసురు పట్టినప్పుడు చేపల రైతుకు నిద్ర ఉండదు.

పోషకాలు మితిమీరి నాచు విపరీతంగా పెరగడాన్ని శాస్త్రజ్ఞులు యూట్రోఫికేషన్ అంటారు. నాచు చచ్చి అడుగుకు దిగితే దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అడుగునీటి ఆక్సిజన్‌ను హరిస్తాయి. ఆక్సిజన్ పోయిన బురద, తాను పట్టి ఉంచిన భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతుంది. దాంతో నాచు ఇంకా పెరుగుతుంది. ఫలితమే తిరిగి కారణాన్ని పెంచే ఇలాంటి చుట్టును ధనాత్మక ప్రతిపుష్టి అంటారు. బయటి నుంచి వచ్చే మురుగును ఆపినా సరస్సులు ఏళ్ల తరబడి కోలుకోకపోవడానికి అడుగున పేరుకున్న ఈ పాత నిల్వే కారణం.

నీటి కాలుష్యాన్ని కొలిచే ప్రధానమైన కొలబద్ద బీఓడీ. నీటిలోని కుళ్లే పదార్థాన్ని బ్యాక్టీరియా అరిగించుకోవడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. భారతదేశంలో నమూనాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీటిలో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు. శుద్ధి చేయని ఇళ్ల మురుగులో 200 నుంచి 300 దాకా ఉంటుంది. 250 ఉన్న ఒక లీటరు మురుగు, 33 లీటర్ల మంచినీటిలో ఉన్న ఆక్సిజన్ మొత్తాన్ని తినేయగలదని దీన్నిబట్టి లెక్క తేలుతుంది.

కాలుష్యం: మార్గం, మోతాదు

ఒక గొట్టం నుంచో పొగగొట్టం నుంచో వచ్చే కాలుష్యాన్ని స్థిర మూలాల కాలుష్యం అంటారు. దాన్ని చూపించవచ్చు, కొలవవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు. వేల పొలాల నుంచి కొద్దికొద్దిగా జారి వచ్చేది విస్తృత మూలాల కాలుష్యం. ఏ ఒక్కరి వాటా చూసినా చిన్నదే. మొత్తం మాత్రం పెద్దది. కొల్లేటిలో రెండూ ఉన్నాయి, రెండోదే అదుపుకు లొంగదు.

కొన్ని పదార్థాలు కరిగి పలచబడిపోతాయి. కొన్ని ఒంట్లోని కొవ్వులో చేరి బయటికి పోవు. డీడీటీ అనే పురుగుమందు అలాంటిది. నీటిలో లెక్కలోకి రానంత ఉన్నా నాచులో, చేపలో, చేపను తినే పక్షిలో మెట్టుమెట్టుకూ గాఢత పెరుగుతుంది. దీనిని జైవిక వృద్ధీకరణం అంటారు. గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే పక్షి బరువుకే చిట్లిపోవడం వల్ల అనేక దేశాల్లో డేగలు, గూడబాతులు తగ్గిపోయాయి. భారత్ 1989లో డీడీటీని వ్యవసాయంలో నిషేధించింది.

హాని చేసేదల్లా మనుషులు కలిపిందే అనుకోవడం పొరపాటు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల బోరునీటిలోని ఫ్లోరైడ్ అక్కడి రాళ్ల నుంచే కరిగి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కొద్ది మోతాదులో పళ్లకు మేలు చేసే ఫ్లోరైడ్, పరిమితి దాటి ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే పళ్లను గారపట్టించి ఎముకలను వంచుతుంది. పటిక, సున్నంతో దాన్ని తొలగించేందుకు నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. విషం అన్నది పదార్థంతో పాటు మోతాదు, కాలం, ఒంట్లోకి చేరే దారి కలిస్తే తేలే లెక్క.

జీవవైవిధ్యం, చొరబాటు జాతులు

ఒక ప్రాంతంలోని జాతుల వైవిధ్యం, ఒక్కో జాతిలోని జన్యు వైవిధ్యం, ఆవాసాల వైవిధ్యం మూడూ కలిస్తే జీవవైవిధ్యం. కొల్లేరు దగ్గర చెప్పుకోదగ్గది గూడబాతు కథ. కొల్లేటి పరిసరాల్లోని ఆరేడు గ్రామంలో తాటిచెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల పెద్ద గుంపును 1940ల్లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసి లోకానికి చెప్పాడు. 1970ల కల్లా ఈ ప్రాంతంలో అవి గూళ్లు కట్టడం మానేశాయి. తర్వాత కైకలూరు దగ్గరి ఆటపాకలో కాపలాతో, కృత్రిమ స్టాండ్ల ఏర్పాటుతో మళ్లీ గూళ్లు వచ్చాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా ఇప్పుడు అక్కడ పిల్లలు చేస్తున్నాయి. ఆవాసం మొత్తం బాగుపడకపోయినా, కీలకమైన ఒక్క అవసరం తీరిస్తే ఒక జాతి తిరిగి రావచ్చని ఇది చూపుతుంది. ఒక జాతి తిరిగి వచ్చినంత మాత్రాన సరస్సు కోలుకుందని చెప్పలేమన్నదీ ఇక్కడి పాఠమే.

తన సొంత శత్రువులు లేని కొత్త చోటికి చేరి అదుపు తప్పి పెరిగే వాటిని చొరబాటు జాతులు అంటారు. గుర్రపుడెక్క అమెజాన్ పరీవాహక ప్రాంతపు మొక్క. ఊదారంగు పూల అందం చూసి 19వ శతాబ్దం చివర భారతదేశానికి తెచ్చారు. వేడి, పోషకాలు బాగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. అది కప్పిన చోట వెలుతురు లోపలికి పోదు, పడవ కదలదు, వల పడదు, ఉప్పుటేరు మార్గం మూసుకుపోతుంది. అదే మొక్క నీటిలోని పోషకాలను, కొన్ని భారలోహాలను పీల్చుకుంటుంది కూడా. తీసి ఒడ్డుకు దూరంగా వేస్తే నీరు శుభ్రపడుతుంది. మందు కొట్టి అక్కడే కుళ్లనిస్తే పీల్చుకున్నదంతా తిరిగి నీటికే చేరుతుంది.

ఆవరణ వ్యవస్థ సేవలు, ఉమ్మడి వనరులు

ప్రకృతి నుంచి మనుషులకు అందే ప్రయోజనాలను ఆవరణ వ్యవస్థ సేవలు అంటారు. 2005లో వెలువడిన మిలీనియం ఎకోసిస్టం అసెస్‌మెంట్ వీటిని నాలుగు రకాలుగా విడదీసింది. చేపలు, గడ్డి, నీరు వంటి సరఫరా సేవలు; వరదను నిలపడం, నీటిని వడకట్టడం వంటి నియంత్రణ సేవలు; కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, పక్షుల సందర్శన వంటి సాంస్కృతిక సేవలు; వీటన్నిటికీ ఆధారమైన నేల ఏర్పాటు, పోషక చక్రాలు వంటి మూల సేవలు. వీటిలో బజారు ధర పలికేది మొదటిదే. ఎకరం చేపల చెరువు ఏడాదికి ఎంత ఇస్తుందో ఎవరైనా చెబుతారు. అదే ఎకరం వరద రోజుల్లో ఎన్ని ఇళ్లను మునగకుండా కాపాడేదో ఏ కౌలు పత్రంలోనూ ఉండదు.

ఒకరి పని వల్ల కలిగిన నష్టం ధరలో చేరకుండా మూడోవారి మీద పడితే దాన్ని అర్థశాస్త్రంలో బాహ్య వ్యయం అంటారు. 1920లో ఆర్థర్ పిగూ ఈ ఆలోచనను విపులంగా చర్చించి, అలాంటి నష్టానికి పన్ను వేయాలన్నాడు. చెరువు గట్టు నీటిని అడ్డగిస్తే ఎగువ గ్రామం మునుగుతుంది. ఆ ఖర్చు చేప ధరలో కనిపించదు.

అందరిదైన వనరును ఎవరికి వారు వాడుకుంటూ పోతే అది నాశనమవుతుందని గారెట్ హార్డిన్ 1968లో వాదించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశాల్లోని చెరువులు, మేతబీళ్లు, చేపల వేట కట్టుబాట్లు చదివి, ఎవరికి హక్కుందో స్పష్టంగా ఉండి నియమాలను వాడుకునేవారే చేసుకున్న చోట ఉమ్మడి వనరులు తరతరాలు నిలిచాయని చూపింది. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. కొల్లేటి అనుభవం ఈ రెండు వాదాలకూ సాక్ష్యమే. 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులు కేటాయించింది. ఉద్దేశం పేదల జీవనోపాధి. చేపల సాగులో లాభం పెరిగేకొద్దీ సంఘాల చెరువులు లీజుల పేరిట పెట్టుబడిదారుల చేతికి పోయాయి. సొంత సరస్సులో వల వేసినవారిలో చాలామంది అదే నీటి మీద కూలీలయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించి 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, అప్పటికే సరస్సులో 40 శాతానికి పైగా చేపల చెరువులుగా మారింది.

ఒక వ్యవస్థ తాను చెడకుండా ఎంత వాడకాన్ని తట్టుకోగలదో ఆ పరిమితిని మోయగల సామర్థ్యం అంటారు. అది స్థిరమైన అంకె కాదు. నీటి రాక, పూడిక, మురుగును బట్టి మారుతుంది. కొల్లేటిలోకి వచ్చే నీరు తగ్గి మురుగు పెరిగితే అదే సంఖ్యలో చెరువులు నిన్న భరించగలిగినవి నేడు భారమవుతాయి.

కాలం, సముద్రం

పర్యావరణ లెక్కలో కాలానికి కూడా హద్దు గీయాలి. రేపటి తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నిర్వచించింది. అంటే ఐదేళ్ల లీజు లాభాన్ని యాభై ఏళ్ల లెక్కలో పెట్టి చూడాలి.

కొల్లేటి రూపం ఎన్నడూ ఒకేలా లేదు. ఒకప్పుడు సముద్రానికి దగ్గరగా ఉండి, డెల్టాలు ముందుకు పెరిగేకొద్దీ లోపల చిక్కుకుపోయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 19వ శతాబ్దం నడుమ ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు వచ్చాక డెల్టా పొలాల మురుగు అంతా సరస్సు వైపు తిరిగింది. 20వ శతాబ్దంలో ఎగువన పెద్ద జలాశయాలు కట్టాక కృష్ణా, గోదావరులు డెల్టాకు తెచ్చే ఒండ్రు తగ్గింది. ఒండ్రు రాని డెల్టా కుంగే నేలను పూడ్చుకోలేదు.

ఇంకోపక్క సముద్రం పైకి వస్తోంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు ఈ పెరుగుదలను నిరంతరంగా నమోదు చేశాయి. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ లెక్కగట్టింది. అడుగు ఎత్తులతో విస్తీర్ణం మారిపోయే కొల్లేటికి ఇది చిన్న అంకె కాదు. సరస్సులో నీరు పలచబడిన ఎండాకాలంలో పోటు సమయాన ఉప్పునీరు ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నుతుంది. ఏరును వెడల్పు చేస్తే వరద త్వరగా దిగుతుంది, ఉప్పు కూడా సులువుగా ఎక్కుతుంది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన వెనక ఉన్న చిక్కు ఇదే.

చట్టం, నిర్ణయం

1976లో 42వ రాజ్యాంగ సవరణ పర్యావరణ రక్షణను 48ఎ అధికరణంతో రాజ్యానికీ, 51ఎ(జి)తో పౌరులకూ విధిగా చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1974 నాటి జల కాలుష్య చట్టం, 1981 నాటి వాయు కాలుష్య చట్టం ఒక్కో రంగాన్ని చూశాయి. 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు రెండు సూత్రాలను దేశ చట్టంలో భాగంగా గుర్తించింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది ఒకటి. హాని పూర్తిగా రుజువయ్యే దాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్నది రెండోది. 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఏర్పడింది.

కొల్లేరును +5 కాంటూరు దాకా 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసుల నేపథ్యంలో 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వేల ఎకరాల చెరువుల గట్లను పేల్చివేశారు. తర్వాతి సంవత్సరాల్లో చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలన్న డిమాండు, దాని మీద అభ్యంతరాలు కొల్లేటి చాంతాడులా సాగుతూనే ఉన్నాయి.

ఈ వివాదంలో శాస్త్రం చెప్పగలిగిన దానికి ఒక పరిధి ఉంది. +3 నుంచి +5 మధ్య నేలలో గట్లు ఉంటే వరద మట్టం ఎంత పెరుగుతుంది, ఏ గ్రామాలు ఎన్ని రోజులు నీటిలో ఉంటాయి, ఉప్పు ఎక్కడిదాకా వస్తుంది, పక్షుల మేత నేల ఎంత తగ్గుతుంది అన్నవి కొలిచి, నమూనాలు కట్టి, పొరపాటుకు ఎంత అవకాశముందో కూడా కలిపి చెప్పవచ్చు. అభయారణ్యం లోపల జిరాయితీ పట్టా ఉన్న రైతుకు పరిహారం ఎంత, చెరువు పోయిన సంఘ సభ్యుడికి ప్రత్యామ్నాయం ఏమిటి, ఎగువ పట్టణాల మురుగు శుద్ధి ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి అన్నవి న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పకుండా గట్లు మాత్రమే తొలగిస్తే ఏమవుతుందో 2006 తర్వాతి కొల్లేరు చూపింది. మొదటి రకం ప్రశ్నలను లెక్కచేయకుండా గట్లు కట్టుకుంటూ పోతే ఏమవుతుందో ప్రతి వరదా చూపుతోంది.